మిరప, పసుపు నేలల్లో రసాయన ఎరువు: పక్క చేను రైతుకు మనం ఏం జవాబు చెప్పాలి?



"రసాయన ఎరువు వేస్తే భూమి చచ్చిపోతుంది." ప్రకృతి వ్యవసాయం సభల్లో ఈ మాట వినని వాళ్లు ఉండరు. మైకులో బాగుంటుంది, చప్పట్లు కూడా పడతాయి. అదే మాట పల్నాడులోనో ఖమ్మం వైపో మిరప తోట గట్టు మీద నిలబడి చెప్పి చూడండి. పక్క చేను రైతు నవ్వుతాడు. "మా నాయన కాలం నుంచి డీఏపీ వేస్తున్నాం. మంచి ఏడాది ఇప్పటికీ ఎకరాకు ఇరవై క్వింటాళ్లు దిగుతుంది. చచ్చిన భూమి ఇరవై క్వింటాళ్లు ఇస్తదా?" అంటాడు. దానికి మన దగ్గర జవాబు లేకపోతే ఆ మనిషి ఇంక మన మాట వినడు. ఆచ్ఛాదన గురించి చెప్పినా వినడు, నవధాన్యాల గురించి చెప్పినా వినడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా. రసాయన ఎరువు విషం కాదు. నేల చావడం అనేది ఒక్క బస్తాతో జరిగే పని కాదు. జరిగేది వేరే. అది నిదానంగా జరుగుతుంది, ఒక్కో నేలలో ఒక్కో తీరుగా జరుగుతుంది, దిగుబడి పడిపోకముందే ఖర్చు పెరగడంలో కనిపిస్తుంది. మనం ఆ సంగతి చెప్పగలిగితే పక్క చేను రైతు కూర్చుని వింటాడు, ఎందుకంటే ఆ ఖర్చు అతని జేబులోంచే పోతోంది. పై వీడియోలో మట్టి గురించే ఎక్కువ మాట్లాడాం. లెక్కలు వీడియోలో చెబితే ఎవరికీ గుర్తుండవు కాబట్టి కాగితం, పెన్ను పట్టుకునే వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

ముందు మనకు ఇబ్బందిగా ఉండే నిజం. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట ఒక పొలంలో 1843 నుంచి గోధుమ వేసి చూస్తున్నారు. కొన్ని మడులకు ఏమీ వేయరు, కొన్నిటికి పశువుల ఎరువు, కొన్నిటికి రసాయన ఎరువు. 180 ఏళ్లు దాటింది. నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ సమంగా పడ్డ మడులు ఇప్పటికీ పంట ఇస్తూనే ఉన్నాయి. కాబట్టి ఎరువు వేస్తే పంటే రాదు అనే మాట నిలబడదు. కానీ అదే పొలంలో ఇంకో సంగతి కూడా ఉంది. పశువుల ఎరువు పడ్డ మడుల్లో సేంద్రియ కర్బనం, రసాయన ఎరువు మడుల్లో కంటే రెండింతలకు పైగా ఉంది. చల్లటి దేశం కాబట్టి అక్కడ కర్బనం నిలుస్తుంది. మన ఎండలకు అది ఎంత తొందరగా కరిగిపోతుందో మీకు చెప్పనక్కర్లేదు.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయోగాలు 1970-71 నుంచి భారత వ్యవసాయ పరిశోధనా మండలి నడిపిస్తోంది. మన జగిత్యాలలో కూడా ఒక కేంద్రం ఉంది. ఆ కేంద్రాలన్నిటి నుంచి మొత్తం మీద వచ్చిన మాట ఒకటే: ఒక్క నత్రజనే వేసుకుంటూ పోయిన మడి దెబ్బతింటుంది, మూడూ సమంగా పడ్డ మడి నిలబడుతుంది, మూడింటితో పాటు పశువుల ఎరువు కూడా పడ్డ మడి అందరికంటే పైన ఉంటుంది. హిమాచల్‌లోని పాలంపూర్‌లో పుల్ల నేల. అక్కడ ఒక్క యూరియా మీదే నడిపిన మడి చివరికి దాదాపు పంటే రాని స్థితికి వచ్చింది. అక్కడ సున్నం వేస్తే గానీ నేల తేరుకోదు. అంటే "యూరియాతో నేల పోయింది" అనే మాట పాలంపూర్‌లో అక్షరాలా నిజం, మన నల్లరేగడిలో అదే మాట అదే తీరుగా నిజం కాదు. ఎందుకో చూద్దాం.

యూరియా నేలలో పడగానే ముందు అమ్మోనియాగా మారుతుంది. తర్వాత సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండో మార్పులో పులుపు పుడుతుంది. ఎర్ర చల్కా నేలల్లో ఆ పులుపును విరగ్గొట్టే సున్నం తక్కువ, ఏళ్ల తరబడి పడితే నేల పుల్లబడుతుంది. గుంటూరు, పల్నాడు నల్లరేగడిలో సున్నం గులకలు చేతికే తగులుతాయి, అక్కడ పులుపు నిలవదు. "మా నేల ఏం పాడవలేదు" అని అక్కడి రైతు అనేది అందుకే. నిజంగానే ఉదజని సూచిక పెద్దగా కదలదు. కానీ అదే సున్నం ఇంకో పని చేస్తుంది. పైపైన చల్లిన యూరియాలో కొంత భాగం అలాంటి క్షార నేలలో అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది. సాయంత్రం తడి నేల మీద యూరియా చల్లి, మర్నాడు ఎండ కాసిందంటే రైతు వేసింది కొంత నేలకు, కొంత గాలికి.

భాస్వరం సంగతి ఇంకా ఘోరం. డీఏపీలోని భాస్వరాన్ని ఆ సున్నమే పట్టేసి, మొక్కకు తొందరగా అందని రూపంలోకి మారుస్తుంది. ఆకు కాస్త తేడాగా కనబడితే రైతు మళ్లీ ఒక బస్తా వేస్తాడు. అది కూడా అదే దారిన పోతుంది. కాయతో బయటికి పోయేది కొంచెం, నేలలో పేరుకునేది ఎక్కువ.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. నీటి వసతి ఉన్న మిరపకు మన విశ్వవిద్యాలయం సిఫారసు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. ఇది మనం చెప్పిన లెక్క కాదు, ఎరువులు వాడమనే వాళ్లు చెప్పిందే. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు. అంటే ఒక్క బస్తాతో ఏడాది కోటా అయిపోయింది. మరి తోటలో ఏం జరుగుతోంది? దుక్కిలో ఒక డీఏపీ, పైపాటుగా రెండు 20-20, మధ్యలో ఎవరో చెప్పారని ఒక 28-28. కలిపి చూడండి: 23, 20, 14. మొత్తం 57 కిలోలు. డ్రిప్పులో వదిలే 19-19-19 ఇందులో కలపలేదు. ఇరవై క్వింటాళ్ల ఎండు మిరపకాయలు చేను దాటించే భాస్వరం సుమారు 14 కిలోలు. చెట్టుకు, వేరుకు ఇంకొంత వేసుకున్నా మిగతాది నేలలోనే.

మిరప వేసే నల్ల నేలల్లో భూసార పరీక్ష కార్డు మీద భాస్వరం దగ్గర "ఎక్కువ" అని రావడం మామూలైపోయింది. కార్డు పథకం 2015 ఫిబ్రవరిలో మొదలైంది, పన్నెండు అంశాలు రాసి ఇస్తున్నారు. ఆ కార్డు బీరువాలో, డీఏపీ చేలో. నేను పోట్లాడేది ఇక్కడే. అవసరం లేని బస్తాను మానేయడానికి ప్రకృతి వ్యవసాయం మీద నమ్మకం కూడా అక్కర్లేదు, కార్డు చదివితే చాలు.

ఎక్కువైన భాస్వరం ఊరికే కూర్చోదు. అది ఎక్కువైన చోట మొక్కకు జింకు అందడం కష్టమవుతుంది. ఆకులు చిన్నబడి పాలిపోతాయి. దుకాణంలో చెబితే ఒక సూక్ష్మపోషకాల సీసా ఇస్తారు. రెండోది, మిరపకూ పసుపుకూ వేళ్ల మీద ఒక మంచి బూజు ఉంటుంది, మైకోరైజా అంటారు, మనవాళ్లు వ్యామ్ అని పిలుస్తారు. అది వేరు చేరలేని దూరం నుంచి భాస్వరం, జింకు, తేమ తెచ్చి ఇస్తుంది, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటుంది. కరిగే భాస్వరం పక్కనే సమృద్ధిగా దొరికితే మొక్క ఈ బూజును పోషించడం తగ్గించేస్తుంది. ఇంట్లో ఉప్పూ పప్పూ ఉన్నంతకాలం ఎవరూ అంగడికి పోరు కదా. బూజు తగ్గాక బస్తా మానేస్తే మొక్క ఒక్కసారిగా ఇబ్బంది పడుతుంది. అది చూసి రైతు "ఎరువు ఆపితే చేను ఎర్రబడింది, నేల ఎరువుకు అలవాటు పడింది" అంటాడు. అతను చూసింది అబద్ధం కాదు.

ఇక నత్రజని. దీని ధర సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే నేల పరిస్థితికి సగం కారణం ఆ ధరే అని నా అభిప్రాయం. 2010 ఏప్రిల్‌లో కేంద్రం పోషకాలను బట్టి రాయితీ ఇచ్చే పద్ధతి తెచ్చింది, యూరియాను మాత్రం అందులోంచి బయట ఉంచింది. ఫలితం మన కళ్ల ముందే ఉంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయలు. డీఏపీ 1,350. పొటాష్ బస్తా 1,500 దాటింది. జేబులో డబ్బులు తక్కువున్న రైతు దేన్ని ఎక్కువ వేస్తాడు? చవగ్గా ఉన్నదాన్నే. ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, వారంలో తేడా కనిపిస్తుంది, మనసుకు ధైర్యంగా ఉంటుంది.

ఆ నిగనిగే మిరపలో ముప్పు. నత్రజని మితిమీరితే కొమ్మ లేతగా, ఆకు మెత్తగా పెరుగుతుంది. రసంలో పురుగుకు కావాల్సిన ఆహారం ఎక్కువవుతుంది. తామర పురుగు, నల్లి, తెల్లదోమ, పేనుబంక, రసం పీల్చే వాటన్నిటికీ అది పండగ. పై ముడత, కింది ముడత వచ్చాక మందు కొట్టడం మొదలవుతుంది. 2021-22లో వచ్చిన నల్ల తామర పురుగును గుర్తు తెచ్చుకోండి. అది బయటి నుంచి వచ్చిన కొత్త పురుగు, యూరియా వల్ల పుట్టిందని నేను అనను. అలా అంటే అబద్ధమవుతుంది, ఆ ఏడాది మనవాళ్ల తోటలు కూడా దెబ్బతిన్నాయి. కానీ నెలలో రెండుసార్లు యూరియా మేసిన లేత తోట దాన్ని ఎలా తట్టుకుంటుంది? మందుల ఖర్చును ఎరువుల ఖర్చు నుంచి విడదీసి రాసుకుంటారు రైతులు. మిరపలో ఆ రెండూ ఒకే ఖాతా.

ఇక్కడే ఇంకో మాట. మనవాళ్లు కొందరు "ఎరువు వేసిన కాయలో విషం ఉంటుంది" అంటారు. ఆ మాట వద్దు. ఎగుమతి మిరపను పరీక్షించేటప్పుడు వెతికేది పురుగుమందుల అవశేషాలు, అఫ్లాటాక్సిన్ లాంటివి. యూరియా కోసం ఎవరూ వెతకరు. మందు వేరు, ఎరువు వేరు. ఎరువు చేసే చెడు మందుల ద్వారా, ఆరుదల సరిగా కాని కాయ ద్వారా చుట్టూ తిరిగి వస్తుంది. నేరుగా విషం అంటే తెలిసిన కొనుగోలుదారుడి ముందు మన పరువే పోతుంది. ఇదే తూకం పసుపుకూ వర్తిస్తుంది. కర్క్యుమిన్ శాతం ప్రధానంగా రకాన్ని బట్టి వస్తుంది. మేఘాలయ లకడాంగ్‌లో ఉన్నంత కర్క్యుమిన్ ఆర్మూరు పసుపులో జీవామృతం పోసినందుకు రాదు.

పసుపు దగ్గరికి వచ్చాం కాబట్టి చెబుతా, మిరప కంటే పసుపు మనకు అనుకూలమైన పంట. తొమ్మిది నెలల పంట, నింపాదిగా తింటుంది, నీడను ఓర్చుకుంటుంది, ఆచ్ఛాదన అంటే ప్రాణం. నిజామాబాద్ వైపు పసుపులో మక్క వేసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. పాత రోజుల్లో పసుపు వేసే చెలకలో గొర్రెల మంద కట్టించుకునేవాళ్లు, పశువుల ఎరువు బండ్లకు బండ్లు తోలేవాళ్లు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు పూడిక మట్టి తోలుకున్న రైతులను అడగండి, ఎర్ర నేలలో ఆ నల్ల మట్టి ఎన్నేళ్లు పని చేసిందో చెబుతారు. పూడికలో బంకమన్ను ఉంది, కర్బనం ఉంది, పొటాష్ ఉంది.

పసుపుకు ఆ పొటాషే కావాలి. ఇరవై క్వింటాళ్ల ఎండు పసుపు కొమ్ములు పొలం దాటించే పొటాష్ సుమారు 50 కిలోలు. నల్లరేగడికి అది పెద్ద లెక్క కాదు, తేలిక ఎర్ర నేలకు చాలా పెద్ద లెక్క. అయినా రైతు వేసేది యూరియా. ఆకు నడుము దాకా పెరుగుతుంది, తవ్వితే దుంప ఆ స్థాయిలో ఉండదు. నీరు నిలిచే మడిలో దుంపకుళ్లు అంటుకుంటే అంతే సంగతులు. 2025 జనవరిలో నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది, సంతోషం. ఆ బోర్డు ధరల గురించి మాట్లాడినంతగా మట్టి గురించి కూడా మాట్లాడాలని నేను కోరుకుంటున్నా.

ఇప్పుడు మన వంతు. ఎదుటివాడి బస్తా లెక్క వేసినట్టే మన డ్రమ్ము లెక్క కూడా వేయాలి. కొందరికి కోపం రావచ్చు, రానీయండి.

ఎకరాకు 200 లీటర్ల జీవామృతం. అందులో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. పేడలో నత్రజని 30 నుంచి 50 గ్రాములు. మూత్రంలో వంద గ్రాముల చుట్టూ. పప్పుల పిండిలో 70 గ్రాములు. అంతా కలిపితే పావు కిలో దాటదు. నెలకు రెండుసార్లు చొప్పున ఆరు నెలలు పోసినా మూడు కిలోలు. ఇరవై క్వింటాళ్ల ఎండు మిరపలో ఉండే నత్రజని 40 కిలోల పైమాటే, చెట్టులో ఉండేది వేరే. మూడు ఎక్కడ, నలభై ఎక్కడ?

(2021లో నానో యూరియా వచ్చినప్పుడు మనవాళ్లంతా ఇదే లెక్క వేసి నవ్వారు. అర లీటరు సీసాలో 4 శాతం అంటే 20 గ్రాములు, బస్తాలో 20 కిలోలు, ఎలా సమానం అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే మన డ్రమ్ముకూ అదే తక్కెడ.)

జీవామృతం ఎరువు కాదు, నేలలో జీవాన్ని కదిలించే తోడు మజ్జిగ అని మనమే చెబుతాం. సరే. తోడు వేయడానికి పాలు ఉండాలి కదా. ఆ పాలు సేంద్రియ పదార్థం. ఒక ఎకరం పైమట్టి, అరడుగు లోతు, సుమారు 850 టన్నులు. కర్బనం అర శాతం ఉంటే నేలలో నాలుగు టన్నుల పైచిలుకు కర్బనం, దానితో పాటు 350 నుంచి 400 కిలోల నత్రజని దాగి ఉంటుంది. ఏడాదిలో దానిలోంచి విడుదలయ్యేది రెండు మూడు శాతం, అంటే పది కిలోల లోపు లేదా ఆ చుట్టూ. కర్బనం ఒక శాతానికి చేరితే అదే ఇరవై. మిగతాది గాలిలోంచి రావాలి. గాలిలోంచి ప్రధానంగా తెచ్చేది పప్పు జాతి మొక్కలు. జీలుగ, జనుము బాగా పెరిగి కలియదున్నితే ఎకరాకు 20 నుంచి 30 కిలోల నత్రజని ఇస్తాయి. తొలకరికి ముందు నవధాన్యాలు వేయడం, మిరప సాళ్ల మధ్య అలసంద, గట్ల మీద గ్లైరిసీడియా, కోసిన ప్రతి ఆకూ నేల మీదే. ఇవన్నీ చేస్తే లెక్క దగ్గరికి వస్తుంది. ఇవేవీ చేయకుండా డ్రమ్ము ఒక్కటే పోసి "ఇరవై క్వింటాళ్లు వస్తాయి" అని చెప్పడం రైతును ముంచడమే. మొదటి రెండేళ్లు దిగుబడి తగ్గుతుంది అని ముఖం మీద చెప్పండి. నల్లరేగడిలో మిరప మీద బాగా తగ్గవచ్చు అని కూడా చెప్పండి.

మరి నేలలో సేంద్రియ పదార్థం పోవడానికి ఎరువే కారణమా? నేను పూర్తిగా ఒప్పుకోను. సమంగా ఎరువు వేసిన చోట వేళ్లు, మోళ్లు ఎక్కువ వస్తాయి, వాటిని నేలకే వదిలితే కర్బనం నిలబడిన సందర్భాలు ఆ దీర్ఘకాల ప్రయోగాల్లోనే ఉన్నాయి. మన చేలల్లో పోవడానికి కారణం, బస్తా వచ్చాక పెంట దిబ్బ పోయింది. ఎడ్లు పోయాయి, ట్రాక్టరు వచ్చింది, రోటవేటరు మట్టిని పిండి చేస్తోంది. కోత అయ్యాక మిరప కట్టె పీకి తగలబెడతారు. పసుపు ఆకు ఉడకబెట్టే పొయ్యి కిందికి పోయేది. నేల నుంచి అన్నీ తీసుకుపోయి, తిరిగి మూడే ఇస్తున్నాం. ఎరువు చేసిన పెద్ద అన్యాయం ఏమిటంటే, తిరిగి ఇవ్వకపోయినా కొన్నాళ్లు నడుస్తుంది అనే భరోసా ఇచ్చింది.

ఎరువు లేకుండా సుగంధ పంటలు పండవా అంటే, పండుతున్న చోట్లు ఉన్నాయి. సిక్కింలో పెద్ద యాలకులు ఆల్డర్ చెట్ల నీడలో పెంచుతారు. ఆ చెట్టు వేళ్లలో నత్రజనిని పట్టే సూక్ష్మజీవి ఉంటుంది, రాలిన ఆకే ఎరువు. ఈ పద్ధతి 2016లో సిక్కింను సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించక ముందు నుంచే ఉంది. మన పాడేరు కొండల్లో కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ మీదికి మిరియం పాకించి, రాలిన ఆకుతోనే నడిపిస్తున్నారు. అక్కడి నేలలకు పులుపు గుణం ఉంది కాబట్టి రాక్ ఫాస్ఫేట్ వేస్తే కరిగి పని చేస్తుంది. సేంద్రియ ధ్రువీకరణలో దానికి అనుమతి ఉంది, తవ్వి తీసిన రాయి కాబట్టి. అదే రాతిపొడిని గుంటూరు నల్లరేగడిలో వేస్తే రాయిలాగే పడి ఉంటుంది. పాడేరు వీడియో చూసి పల్నాడులో చేస్తామంటే కుదరదు.

ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు, నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఈలోపు వరి, తేయాకు దెబ్బతిన్నాయి. దాన్ని చూపించి సేంద్రియం పనికిరాదని వాదించే వాళ్లతో నేను ఒప్పుకోను. తయారైన కంపోస్టు లేదు, నేల సిద్ధంగా లేదు, రైతుకు చెప్పలేదు. అది వ్యవసాయం విషయంలో ఒక ఉత్తర్వు, అంతే. కానీ మన చేలో మనం కూడా అలాంటి ఉత్తర్వు వేయకూడదు. నాలుగు ఎకరాలున్న రైతు అర ఎకరంతో మొదలుపెట్టాలి. మిగతా మూడున్నరలో ముందు అక్కరలేని డీఏపీ తీసేయాలి, యూరియాను సగం చేసి కొంచెం కొంచెంగా మట్టిలో కప్పి వేయాలి, మధ్యలో ఒక పచ్చిరొట్ట పంట పెట్టాలి. ఇది చెబితే "నువ్వు ప్రకృతి వ్యవసాయమా, రసాయనమా?" అని అడుగుతారు. ధ్రువీకరణ కావాలంటే ఆ పొలంలో బస్తా అసలే పడకూడదు, మార్పిడి కాలమే ఏడాది పంటలకు రెండేళ్లు. ఆ అర ఎకరం ఆ దారిలో పోతుంది. మిగతా నేల బాగుపడటానికి ధ్రువీకరణ కోసం ఆగనక్కర్లేదు కదా.

అన్నిటికంటే పెద్ద ముడి వేరే ఉంది, దీన్ని మన సభల్లో ఎవరూ ఎత్తరు. మిరప వేసే వాళ్లలో కౌలు రైతులు ఎంతమందో మీ ఊరిలో లెక్క పెట్టండి. ఆంధ్రాలో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. కర్బనం కదలాలంటే మూడేళ్లు పడుతుంది. పచ్చిరొట్ట వేసి, పేడ తోలి, నేలను గుల్ల చేసిన కౌలు రైతుకు వచ్చే ఏడాది ఆ చేను ఉంటుందో ఉండదో తెలియదు. బాగుపడిన నేలకు కౌలు పెంచే ఆసామి కూడా ఉంటాడు. అలాంటప్పుడు అతను 266 రూపాయల బస్తా కాకుండా ఇంకేం ఎంచుకుంటాడు? నేలను ప్రేమించు అని అతనికి చెప్పడానికి నాకు నోరు రాదు. మూడేళ్ల కౌలు ఒప్పందం రాసిచ్చే భూమి ఆసాములు మన పాఠకుల్లోనే ఉన్నారు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో పొలం కౌలుకిచ్చి, ఈ వీడియోలు చూసి "మా పొలంలో ఎరువులు వాడొద్దని చెప్పండి" అని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నా జవాబు ఇదే: ముందు మూడేళ్లకు రాసివ్వండి, మొదటి ఏడాది కౌలు తగ్గించండి, ఆ తర్వాత ఎరువు గురించి మాట్లాడదాం.

ధరల సంగతి చూస్తే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఇరవై క్వింటాళ్లు తీసి లక్షలు ఖర్చు పెట్టిన రైతు కంటే, పద్నాలుగు తీసి సగం ఖర్చుతో బయటపడిన రైతు నయం. ధర ఇరవై వేలు దాటిన ఏడాది లెక్క తిరగబడుతుంది, అదీ ఒప్పుకోవాలి. అందుకే దిగుబడి ఒక్కటే చెప్పినా, ఖర్చు ఒక్కటే చెప్పినా నేను నమ్మను.

ఈ సీజన్‌లో మీరు నాకు పంపాల్సింది మూడు. మీ మట్టి కార్డు ఫొటో, ముఖ్యంగా కర్బనం, భాస్వరం, జింకు గళ్లు కనబడేలా. కళ్లంలో ఆరిన తర్వాత ఎకరాకు ఎన్ని టిక్కీలు అయ్యాయో, తాలు కాయ ఎంత తీసేశారో. ఎరువులు, మందులు, కూలీ, కౌలు విడివిడిగా రాసిన ఖర్చు, సొంత ఇంటి మనుషుల కూలీ కూడా కలిపి. ప్రకృతి వ్యవసాయం చేసినవాళ్లూ పంపండి, యూరియా వేసినవాళ్లూ పంపండి. పక్క పక్క చేలవి అయితే మరీ మంచిది, నేల ఒకటే కాబట్టి. పసుపు వాళ్లు తవ్వకం అయ్యి, ఉడకబెట్టి ఆరబెట్టాక పంపండి, పచ్చి దుంప తూకం వద్దు. పేర్లు బయటపెట్టకుండా అవన్నీ పక్కపక్కన పెట్టి తర్వాతి వీడియోలో చూపిస్తాం, మనకు అనుకూలంగా వచ్చినా, రాకపోయినా.